మద్దెల నిజంగానే ఓడైనప్పుడు

(ఇంట్లో కారు మరమ్మతు చేసుకొనేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం. ఆదివారం పూట, అదీ ఎండ ముదరకముందే, పానాల గురించి వినడానికి ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. ఈ బల్ల మీద పరచిన సామాను చూసి అమ్మకానికి తెచ్చానని ఎవరైనా అనుకుంటారేమో. వీటిలో సగం అమ్మితే పాపం తగిలే సరుకు.

"ఆడలేక మద్దెల ఓడు" అని మనకొక సామెత ఉంది. చేతకానివాడు తన తప్పును వాయిద్యం మీదికి నెట్టేస్తాడని దాని భావం. ఉక్కు పనిముట్లకు పదును పట్టే, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరిచే, విభాగంలో నేను ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఆ ముప్పై ఏళ్లలో ఈ సామెతను కుర్రవాళ్ల మీద ఎన్నిసార్లు ప్రయోగించానో నాకే లెక్కలేదు. పానా జారిందని ఎవరైనా వచ్చి చెప్పుకుంటే, ఆ పానాను చేతిలోకి తీసుకొని చూడకముందే సామెత చెప్పి వెనక్కి పంపేవాణ్ని. ఉద్యోగ విరమణ తరువాత, నా కారును నేనే బాగుచేసుకుందామని మా ఇంటి పోర్టికోలో గోనెపట్టా పరచుకొని పడుకున్న రోజున ఆ సామెత తిరిగి వచ్చి నాకే తగిలింది. మద్దెల నిజంగానే ఓడైనప్పుడు ఆడేవాడి గతేమిటో ఆ సామెత చెప్పదు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ సంగతే.

మూడేళ్ల కిందట మా పాత కారుకు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. ప్యాడ్లు మార్చడం పెద్ద విద్యేమీ కాదు. చక్రం ఊడదీసి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ వెనకనున్న బోల్టు విప్పి, క్యాలిపర్‌ను పైకి మడిచి, పాతవి తీసి కొత్తవి కూర్చోబెట్టడమే. ఆ పనికోసం నేను ఆన్‌లైన్‌లో 40 ముక్కల గోటీల సెట్టు ఒకటి తెప్పించాను. గోటీ అంటే సాకెట్. హైదరాబాదు మెకానిక్కులందరూ అలాగే అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ధర 900 రూపాయలు. ముక్కకు 22 రూపాయలన్నర పడిందన్నమాట. ఉక్కు, దాన్ని అచ్చులో పెట్టి కొట్టడం, పదును పట్టడం, క్రోమియం పూత, ప్లాస్టిక్ పెట్టె, రవాణా, అమ్మినవాడి లాభం, ఇవన్నీ కలిసి ఒక ఇరానీ చాయ్ ఖరీదులో ఎలా ఇమిడాయని, ఆ పనుల మధ్యనే తల నెరిసిన నేను అడగవలసింది. అడగలేదు. ప్రతి ముక్క మీదా "క్రోమ్ వెనేడియం" అని చెక్కి ఉంది, తళతళ మెరుస్తోంది, అది చాలనుకున్నాను.

14 నంబరు గోటీని బోల్టు తల మీద పెట్టినప్పుడు అది కొద్దిగా అటూ ఇటూ ఊగింది. ఆ ఊగడం నా చేతికి తెలిసింది, బుర్రకు ఎక్కలేదు. మొదటిసారి లాగితే బోల్టు కదలలేదు. రెండోసారి మడమ చక్రానికి తన్నిపెట్టి లాగాను. టక్కుమని చప్పుడైంది, పిడి నా వైపుకు వచ్చింది, బోల్టు విడిందని అర క్షణం సంతోషించాను. గోటీ తీసి చూస్తే బోల్టు తలకున్న ఆరు మూలలూ అణిగిపోయి, చప్పరించి ఉమ్మేసిన పిప్పరమెంటు బిళ్లలా నున్నగా ఉంది. నా కుడిచేతి వేలి కణుపుల తోలు క్యాలిపర్ అంచు మీద మిగిలింది.

ఆ తరువాత మూడు గంటల పాటు కిరసనాయిలు పోశాను, సుత్తితో తట్టాను, కనిపించిన పట్టకారుతోనల్లా పట్టి తిప్పాను. మా ఆవిడ కాఫీ గ్లాసు తెచ్చి గట్టు మీద పెట్టి, "ముప్పై ఏళ్లు ఇనుముతోనే కాపురం చేశారు గదా, ఒక్క బోల్టు మీ మాట వినలేదా?" అని అడిగి లోపలికి వెళ్లింది. నిజం చెప్పాలంటే ఆ గంటల్లో నేను గోటీని ఒక్కసారి కూడా అనుమానించలేదు. వయసు మీదపడిందనుకున్నాను, చేతి పట్టు తప్పిందనుకున్నాను, కోణం సరిగా పెట్టలేదనుకున్నాను. సాయంత్రం మా వీధి చివరనున్న మెకానిక్కును పిలిచాను. ఆయన వచ్చి ముందు బోల్టును చూడలేదు. నా గోటీని తీసుకొని వెలుతురులో పెట్టి, దాని నోట్లోకి తొంగిచూసి, "సార్, గిది పెట్టి తిప్పితే ఎవ్వరికైనా గట్లనే అయితది. మీ చెయ్యి మంచిగనే ఉన్నది, గోటీనే మంచిగ లేదు" అన్నాడు. తన సంచిలోంచి నల్లబడిపోయిన పాత 13 నంబరు ఆరుపలకల గోటీ తీసి, అరిగిన ఆ తల మీదికి సుత్తితో దిగ్గొట్టి, పొడవాటి రాడ్డు తగిలించి ఒక్క లాగు లాగాడు. బోల్టు కీచుమని విడింది. ఆ బోల్టు ఇదిగో, ఇక్కడే ఉంది. ఆ గోటీ కూడా దాని పక్కనే ఉంది.

మరునాడు వెర్నియర్ తీసుకొని ఆ గోటీ నోటిని కొలిచాను. ఎదురెదురు పలకల మధ్య ఒక జత దగ్గర 14.5 మిల్లీమీటర్లు, ఇంకో జత దగ్గర 14.3 వచ్చింది. అర మిల్లీమీటరుతో ఏమైపోతుందని మీరు అనవచ్చు. కాగితం మీద లెక్క వేసి చూడండి. 14 మిల్లీమీటర్ల ఆరుపలకల తలను 14.1 నోరున్న గోటీలో పెడితే, గోటీ ఒక డిగ్రీ కూడా తిరగకముందే బోల్టును పట్టుకుంటుంది. అదే 14.5 నోరున్న గోటీ అయితే దాదాపు నాలుగు డిగ్రీలు వృథాగా తిరిగిన తరువాతగాని ఉక్కు ఉక్కుకు తగలదు. అలా తగిలినప్పుడు కూడా పలక మీద పలక ఆనుకొని కూర్చోదు, బోల్టు మూల ఒక్కటే గోటీ పలకను పొడుస్తుంది. మీ బలమంతా ఆరు సన్నటి గీతల మీద పడుతుంది. బోల్టు మూల అణిగితే తల గుండ్రబడుతుంది, గోటీ గోడ లొంగితే నోరు ఇంకా తెరుచుకొని తరువాతి బోల్టును ఇంకా తొందరగా గుండ్రబరుస్తుంది. సెట్టులోని గోటీలకు పన్నెండు మూలలుంటే కష్టం మరింత ఎక్కువ, ఎందుకంటే మూలల సంఖ్య రెట్టింపైన కొద్దీ ఆనుకొనే పలక పొట్టిదవుతుంది. మంచి పనిముట్లు చేసేవారు ఈ చిక్కును ఎప్పుడో గుర్తించారు. అమెరికాలో స్నాప్ ఆన్ సంస్థ 1960లలో గోటీ లోపలి మూలలను కొద్దిగా గుండ్రంగా తొలిచి, ఒత్తిడి బోల్టు మూల మీద కాక మూలకు కాస్త ఇవతల, పలక మీద పడేలా ఆకారం మార్చింది. ఇప్పుడు మంచి గోటీలన్నీ ఏదో ఒక రూపంలో ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి. అదే సంస్థ 1920లో మిల్వాకీ నగరంలో మొదలైనప్పుడు వాళ్లు అమ్మింది ఐదు పిడులూ పది గోటీలూ మాత్రమేనన్న సంగతి తెలిసినప్పుడు, నా 40 ముక్కల పెట్టెను చూసి నాకే నవ్వొచ్చింది. ఆ పెట్టెలో నేను వాడవలసినవి నాలుగు ముక్కలు. మిగతా ముప్పై ఆరూ ఆ నాలుగింటి నాణ్యతను తినేశాయి.

ఇక నోటి కొలత తరువాత ఉక్కు సంగతి. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓర్చుకోండి.

"క్రోమ్ వెనేడియం" అన్నది ఉక్కులో ఏయే లోహాలు కలిశాయో చెప్పే పేరు. అది బియ్యం రకం పేరు లాంటిది. అన్నం ఎలా వండారో అది చెప్పదు. ఆ ఉక్కును 850 డిగ్రీల ప్రాంతంలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజులా కఠినమవుతుంది, గాజులాగే పెళుసుబారుతుంది. దాన్ని మళ్లీ తక్కువ వేడిలో నిలకడగా కాగనిస్తే కాఠిన్యం కొంత దిగి, పెళుసుతనం పోయి, సాగే గుణం వస్తుంది. పల్లెల్లో కొడవలికి కక్కు కొట్టి పదును పెట్టే కమ్మరి ఈ రెండో వేడిని ఉక్కు మీద పొడసూపే గడ్డిరంగు, నీలిరంగు పొరలను చూసి అంచనా కట్టేవాడు; మేము కొలిమికి మీటరు పెట్టి కొలిచేవాళ్లం. కాఠిన్యాన్ని చెప్పే రాక్‌వెల్ సి కొలతలో మంచి గోటీ సుమారు 40 నుంచి 50 మధ్య ఉంటుంది. కార్లలో ఎక్కువగా కనిపించే 8.8 తరగతి బోల్టు 22 నుంచి 32 మధ్య ఉంటుంది. బోల్టు కంటే పనిముట్టు కఠినంగా ఉండాలి, కాని పగిలేంత కఠినంగా ఉండకూడదు. సన్నటి ఈ ఇరుకులో ఉక్కును నిలబెట్టడానికే కొలిమి దగ్గర మనిషి కావాలి, సమయం కావాలి, గ్యాసో కరెంటో ఖర్చు కావాలి. పైకి కనిపించని పని అదొక్కటే కాబట్టి, ధర తగ్గించాలనుకున్నవాడు మొట్టమొదట కత్తిరించేది కూడా దాన్నే. పూత కనిపిస్తుంది కాబట్టి పూతకు లోటుండదు.

ఈ సంగతి ఇంట్లోనే తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. ఒక సన్నటి ఆకురాయి తీసుకొని, గోటీ అడుగున కనిపించని చోట పూత పోయేదాకా రుద్ది, ఆ తరువాత మెల్లగా ఒక్కసారి లాగండి. సరిగా పదును పట్టిన ఉక్కు మీద ఆకురాయికి పట్టు తేలిగ్గా చిక్కదు. పెద్దగా పొడి రాలకుండా సన్నటి కూతతో జారుతుంది. మెత్తటి ఉక్కయితే కొబ్బరి కోరినట్టు పొడి రాలుతుంది. నా 14 నంబరు గోటీ నుంచి ఎంత పొడి రాలిందంటే, దాన్ని ఒక పొట్లంలో కట్టి ఇక్కడికి తెచ్చాను. పదును పట్టే విభాగంలో పనిచేసినవాడి ఇంట్లో పదును చూడని పనిముట్టు ఉందని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. మన నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పారశీక దేశం దాకా ఎగుమతి అయ్యేది, దానితో అక్కడ కత్తులు చేసేవారు. 19వ శతాబ్దం మొదట్లో ఆ ఊరు చూసిన వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త తన నివేదికలో, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు స్వయంగా అక్కడ మకాం వేసి, కొలిమి పని దగ్గరుండి చూసుకొనేవాడని రాశాడు. కొనేవాడు సముద్రం దాటి వచ్చి కొలిమి పక్కన కూర్చున్నాడు. నేను ఆ ఊరికి కొన్ని గంటల దూరంలో ఉంటూ, ఫోనులో బొమ్మ చూసి కొన్నాను.

దేశవాళీ సరుకు కాబట్టి ఇలా ఉందని అనేవారు ఇంకా ఉన్నారు, వారితో నేను ఏకీభవించను. పంజాబులోని జలంధర్, లూధియానా, రాజస్థాన్‌లోని నాగౌర్ చేతి పనిముట్లకు పేరున్న ఊళ్లు. అక్కడి సరుకు విదేశాలకు పోతుంది. జలంధర్‌లో చేతి పనిముట్ల కోసమే ఒక కేంద్ర సంస్థ ఉంది. మన దగ్గర నాణ్యత తెలిసినవాళ్లకు కొరత లేదు. ఒకే వీధిలో, ఒకే అచ్చుతో, ఒకడు పదును పట్టి ఇంకొకడు పట్టకుండా అమ్మవచ్చు. సికింద్రాబాదు రాణిగంజ్‌లో పక్కపక్క దుకాణాల్లో రెండు రకాలూ దొరుకుతాయి.

ఇప్పుడు స్క్రూ డ్రైవరు దగ్గరికి వద్దాం. ఇక్కడ కథ కొంచెం తిరగబడుతుంది, ఎందుకంటే పనిముట్టు మంచిదే అయినా నాసిరకం పనిముట్టులా ప్రవర్తించే సందర్భం ఇది. మనం స్టార్ అని పిలిచే నాలుగు రేకల గాడిని 1930లలో ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరానికి చెందిన హెన్రీ ఫిలిప్స్. 1936లో దాని మీద పేటెంట్లు పొందాడు, కాడిలాక్ కార్ల తయారీలో మొదట దాన్ని వాడారు. జపాను వాళ్లు తమ ప్రమాణంలో ఇలాంటి గాడినే కొద్ది తేడాతో రూపొందించుకున్నారు. చూపుకు రెండూ ఒకటే. కాని ఫిలిప్స్ మొన జపాను గాడిలో అడుగుదాకా దిగదు; పై అంచుల మీద ఆని, గట్టిగా తిప్పగానే పైకి లేచిపోతూ గాడిని చెక్కేస్తుంది. మన రోడ్ల మీద తిరిగే కార్లలో, మోటారు సైకిళ్లలో జపాను మూలం ఉన్నవి ఎన్నో మీకు తెలుసు. బ్రేకు డిస్కును పట్టి ఉంచే స్క్రూలు, పాత బండ్ల కార్బురేటరు గిన్నె స్క్రూలు చెక్కుకుపోవడం వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. అలాంటి స్క్రూలలో కొన్నింటి తల మీద ఒక చిన్న చుక్క ఉంటుంది. ఆ చుక్క కనిపిస్తే జపాను ప్రమాణం మొన ఉన్న స్క్రూ డ్రైవరే వాడండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలా స్క్రూ చెక్కుకుపోయిందని వచ్చిన ఒక కుర్రవాడికి కూడా మద్దెల సామెతే చెప్పాను. ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు గాని, దొరికితే క్షమాపణ చెప్పుకోవాలి.

ఇక మీలో ప్రతి ఒక్కరి కారులోనూ ఉండే పనిముట్టు ఒకటి చెబుతాను: స్టెప్నీ మార్చడానికి డిక్కీలో పెట్టి ఇచ్చే వంకర పానా. స్టెప్నీ అన్న మాట వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో అక్కడ అదనపు చక్రం తయారుచేసి ఆ పేరుతో అమ్మారు. ఆ వ్యాపారం పోయింది, పేరు మాత్రం మన దేశంలో ప్రతి డ్రైవరు నోటా నిలిచింది. సరే, ఆ వంకర పానా పొడవు ఒక జానకు కాస్త ఎక్కువ. చిన్న కార్లలో చక్రం నట్టును సాధారణంగా 80 నుంచి 110 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలమానం) మధ్య బిగించమని మాన్యువల్‌లో ఉంటుంది. అంతవరకే బిగించి ఉంటే ఆ పానాతో, కాస్త ఒళ్లు వంచితే, విప్పుకోవచ్చు. కాని టైర్ల దుకాణంలో గాలి తుపాకీతో లెక్కాపత్రం లేకుండా బిగించి పంపుతారు. రాత్రి పూట, వర్షంలో, జాతీయ రహదారి పక్కన చక్రం పంక్చరైనప్పుడు ఆ నట్టు కదలదు. అప్పుడు మనందరం చేసే పని ఒకటే: పానా మీదికి ఎక్కి నిలబడడం. 70 కిలోల మనిషి 25 సెంటీమీటర్ల పిడి చివర నిలబడితే సుమారు 170 న్యూటన్ మీటర్ల బలం పడుతుంది. పలచటి రేకులా చేసిన ఆ పానా నోరు దానికి తట్టుకోక విచ్చుకుంటుంది, లేదా జారి కాలి పిక్కను చీరేస్తుంది. ఇక్కడ తప్పెవరిది? పానా చేసినవాడిది కొంత, బిగించినవాడిది చాలా. తిట్లు తినేది మాత్రం నడిరోడ్డు మీద నిలబడిన మనిషి. టైరు మార్పించుకున్న రోజునే ఇంటికి వచ్చి, నట్లన్నీ ఒకసారి వదులు చేసి, మీ చేత్తో మళ్లీ బిగించుకోండి. నేను అలాగే చేస్తున్నాను. మా పక్కింటివారు నాకు చాదస్తం పట్టిందనుకుంటున్నారు.

ఎంత బిగించాలో కొలిచే టార్క్ రెంచి విషయంలో నేనొకసారి మోసపోయాను, ఒకసారి నన్ను నేనే మోసం చేసుకున్నాను. రెండూ ఒకే రోజున జరిగాయి. ఇంజను నూనె మార్చి, అడుగున ఉండే డ్రెయిన్ బోల్టును బిగిస్తున్నాను. మాన్యువల్‌లో 40 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ అని ఉంది. రెంచిని 40 దగ్గర పెట్టి, అంత బిగియగానే రావలసిన క్లిక్కుమనే చప్పుడు కోసం చెవి రిక్కించి లాగుతున్నాను. చప్పుడు రాలేదు. ఇంకొంచెం లాగాను. బిగుస్తున్న బోల్టు చేతికి రాయిలా ఎదురు నిలుస్తుంది. లొంగిపోతున్న మర వెన్నలా, అకారణమైన మంచితనంతో దారి ఇస్తుంది. ఆ మెత్తదనం నా అరచేతికి తెలిసేసరికే ఇంజను అడుగున నూనె నిలిచే అల్యూమినియం సంపులోని మర ఊడిపోయింది. బోల్టు ఉక్కుది, సంపు అల్యూమినియానిది, ఓడేది ఎప్పుడూ అల్యూమినియమే.

ఆ రెంచి నాసిరకమన్న మాట వాస్తవమే. తరువాత ఒక పాత సహోద్యోగి దగ్గర కొలిపిస్తే క్లిక్కు ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట వచ్చింది, ఒక్కోసారి అసలు రాలేదు. అయితే దాని కొలత పరిధి 28 నుంచి 210 దాకా. ఇలాంటి మంచి రెంచులకు కూడా కంపెనీలు చెప్పే నాలుగు శాతం కచ్చితత్వం సాధారణంగా గరిష్ఠ కొలతలో ఐదో వంతు నుంచే వర్తిస్తుంది. 210లో ఐదో వంతు 42. నేను అడిగింది 40. అంటే నేను బంగారం లాంటి రెంచి కొన్నా, ఆ అడుగు కొలతలో దాని మాట మీద పూర్తిగా ఆధారపడకూడదు. ఆ రోజు మద్దెలా ఓడే, ఆడినవాడూ తాళం తప్పాడు. సంపుకు కొత్త మర తొడిగించడానికి లేతు దుకాణం చుట్టూ రెండు రోజులు తిరిగాను.

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బూ తోలూ పోయే నష్టాలు. జాకీ విషయం వేరు. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి తల పెట్టవద్దు. హైడ్రాలిక్ జాకీలో బరువును మోసేది లోపలి నూనె, ఆ నూనెను ఆపేది ఒక రబ్బరు సీలు. సీలు నాణ్యత బయటికి కనిపించదు. రాత్రి ఎత్తి ఉంచిన జాకీ తెల్లారేసరికి రెండు వేళ్లు దిగి ఉందంటే దాన్ని ఇంకేమీ పరీక్షించనవసరం లేదు. అందుకే కింద ఇనుప స్టాండ్లు పెట్టమంటారు. స్టాండ్లను కూడా కళ్లు మూసుకొని నమ్మలేమని 2020లో తెలిసింది. అమెరికాలో ఇంటి ముందు డ్రైవ్‌వేలో సొంతంగా బ్రేకులు మార్చుకొనే మన పిల్లలు చాలామంది పనిముట్లు కొనే దుకాణాల్లో హార్బర్ ఫ్రైట్ ఒకటి. ఆ సంస్థ ఆ ఏడాది తన మూడు టన్నుల, ఆరు టన్నుల స్టాండ్లను వెనక్కి పిలిచింది. తయారీ అచ్చులు పాతబడి అరిగిపోవడం వల్ల, స్టాండు మధ్య కమ్మీకి ఉండే పళ్లలో కొక్కెం తగినంత లోతుగా కూర్చోలేని ముక్కలు కొన్ని బయటికి వచ్చాయి. బరువు పడినప్పుడు పక్కకు తాకితే కమ్మీ జారి కారు కిందికి వస్తుంది. ఆ తరువాత బదులుగా ఇచ్చిన స్టాండ్లలో కొన్నింటికి వెల్డింగు లోపం బయటపడి, వాటినీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మా అబ్బాయి అక్కడే ఉంటాడు. ఆ వార్త వచ్చిన రాత్రి నేను ఫోను చేసి, ముందు కారు కింద ఏముందో చూడమన్నాను. ఇప్పుడు వాడు, నేను చెప్పినట్టే, స్టాండ్లతో పాటు విప్పిన చక్రాన్ని కూడా కారు కిందికి పడుకోబెట్టి తోస్తాడు. ఏది జారినా మనిషికీ నేలకూ మధ్య ఒక టైరు మందం మిగులుతుంది.

కంప్యూటరు పనిముట్ల గురించి ఒక్క మాట. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు తగిలించి, ఫోనులో ఇంజను లోపాలు చూపించే చిన్న డబ్బీలు చవకగా దొరుకుతున్నాయి. వాటిలో చాలా వరకు కెనడాలోని ఎల్మ్ సంస్థ తయారుచేసిన చిప్పుకు నకళ్లు. నకళ్లలో ఎక్కువ వాటి మీద 1.5 వెర్షన్ అని కనిపిస్తుంది. అవి సంతలను ముంచెత్తిన కాలంలో ఎల్మ్ సంస్థ ఆ సంఖ్యతో చిప్పును విడుదల చేయనేలేదు. పుట్టని బిడ్డ పేరు పెట్టుకొని తిరిగే డబ్బీ, సెన్సారు చెడిపోయిందని చెబితే నేను వెంటనే నమ్మి సెన్సారు కొనను. ముందు తీగలు చూస్తాను, తుప్పు చూస్తాను, ఇంకో డబ్బీతో చదివిస్తాను.

ఇదంతా విని ఇంటికి వెళ్లి ఉన్నవన్నీ పారేసి ఖరీదైన పెట్టెలు కొనమని నేను చెప్పడం లేదు. గరాటు చవకదైనా నూనె పోస్తుంది. నూనె పట్టే ట్రే బదులు పాత ప్లాస్టిక్ బేసిను చాలు. టార్చి, అయస్కాంతం, ప్లాస్టిక్ క్లిప్పులు ఊడదీసే పుల్లలు, వీటికి డబ్బు పోయవద్దు. బలం పడే చోట, మర ఉన్న చోట, మనిషి తల ఉండే చోట మాత్రం పొదుపు చేయవద్దు. జపాను మూలం ఉన్న కారు మీకుంటే 10, 12, 14, 17 నంబర్ల ఆరుపలకల గోటీలు, అవే కొలతల రింగు పానాలు, చక్రం నట్టుకు సరిపోయే గోటీ ఒకటి, పొడవాటి రాడ్డు ఒకటి. మొదటి సంవత్సరం ఇంతకు మించి అక్కర రాదు. ఖరీదు చూసి కూడా మోసపోకండి; పేరున్న కంపెనీల పెట్టెలకు కూడా నకళ్లు వస్తున్నాయి. దుకాణానికి వెళ్లేటప్పుడు మీ కారు నుంచి ఊడదీసిన మంచి బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లండి. గోటీని దాని మీద పెట్టి ఎంత ఊగుతోందో చూడండి, గోడ మందం చుట్టూ ఒకేలా ఉందో లేదో చూడండి, నోటి అంచు ఎక్కువ ఏటవాలుగా చెక్కి ఉంటే వదిలేయండి, ఎందుకంటే పలచటి బోల్టు తలలకు అది సగం పట్టే ఇస్తుంది. గోటీకి తగిలించే, ఒకవైపే పట్టుకొనే పళ్ల పిడిని, అంటే రాచెట్టును, చెవి దగ్గర పెట్టి తిప్పండి. 72 పళ్లున్నది ఐదు డిగ్రీలకు ఒకసారి పట్టుకుంటుంది, 24 పళ్లున్నది పదిహేను డిగ్రీలకు. ఇరుకు చోట్లలో ఆ పది డిగ్రీల తేడా చాలా పెద్దది. కాని పళ్లు ఎక్కువైన కొద్దీ ఒక్కో పన్ను సన్నబడుతుంది, కాబట్టి నాసిరకంలో ఎక్కువ పళ్లున్నది తక్కువ పళ్లున్న దానికంటే అన్యాయం. ఇలా చూస్తుంటే దుకాణదారు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. రాణిగంజ్‌లో ఒకాయన నా చేతిలో బోల్టు చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్లి వేరే అరలోంచి వేరే గోటీలు తెచ్చాడు. బోల్టు లేకుండా వచ్చేవారికి ఏ అర తెరుస్తాడో నేను అడగలేదు.

సమయం అయిపోవచ్చిందని నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఈ బల్ల మీద కుడివైపున ఉన్నది నా 900 రూపాయల పెట్టెలోని 14 నంబరు గోటీ. ఎడమవైపున ఉన్నది మా మెకానిక్కు దగ్గర బతిమాలి కొనుక్కున్న పాత 14 నంబరు. దాని మీద పూత ఎప్పుడో పోయింది. మధ్యలో ఒక కొత్త బోల్టును వైసులో బిగించి ఉంచాను. వెళ్లేముందు ఒక్కొక్కరు వచ్చి, కళ్లు మూసుకొని, రెండు గోటీలనూ దాని మీద పెట్టి కొద్దిగా అటూ ఇటూ ఆడించి, ఏది ఏదో చెప్పండి. ఆకురాయి కూడా పక్కనే ఉంది. కుడివైపు దానిని ఎంతైనా రుద్దుకోవచ్చు, ఎడమవైపు దానిని మాత్రం అడుగున ఒక్క లాగుకు మించి లాగవద్దని మనవి.